నేను రెండు రోజుల్లో కట్టిన వంతెన

వంతెన కట్టాలంటే సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము కావాలని ఇంకా నమ్ముతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చేతులెత్తండి. మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది. మీరింకా పాత కాలంలోనే ఉన్నారు!

నేను ఈదులవాగు మీద రెండు రోజుల్లో వంతెన కట్టాను. ఒక్క సిమెంటు బస్తా విప్పలేదు. ఒక్క మేస్త్రీని పిలవలేదు. ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ కట్టాను. నిజానికి ఒక్క రోజులోనే అయిపోయేది. కానీ నేను వాడేది ఉచిత ఏఐ. రోజుకు ఐదు బొమ్మలే ఇస్తుంది. ఆరోది అడిగితే రేపు రమ్మంటుంది. మన ఆఫీసుల దగ్గర ట్రైనింగ్ అయినట్టుంది. అందుకే రెండో రోజు పట్టింది.

నా పేరు ఫజల్. సారపాకలో పేపరు మిల్లుకు పోయే దారిలో నా ఫొటో స్టూడియో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. మిల్లులో చేరినవాడి గేటుపాసు ఫొటో నాదే, పెళ్లి ఫొటో నాదే, రిటైరైన రోజు మెడలో దండ వేసి తీసే ఫొటో నాదే. ఆ తర్వాత గోడకు తగిలించే ఫొటో కూడా చాలామందికి నాదే. ఇంత అనుభవం ఉన్నవాడిగా చెప్తున్నాను, రాసి పెట్టుకోండి. ఈ ఉచిత ఏఐ మనుషులకు చేస్తున్నంత మేలు కెమెరా ఏనాడూ చేయలేదు!

కెమెరా ఏం చేసింది? ఉన్నది ఉన్నట్టు చూపించింది. అట్లా చూపించమని దాన్ని ఎవరడిగారు? ఇన్నేళ్లలో ఒక్క కస్టమర్ కూడా "భాయ్, నేనెట్లున్ననో గట్లనే తియ్యి" అనలేదు. అందరూ "కొంచెం మంచిగ రావాలె" అన్నవాళ్లే. ఆ కొంచెం కోసం నేను లైట్లు కొన్నాను, పౌడరు డబ్బా పెట్టాను, సారపాకలో సగం మంది మగవాళ్లకు సరిపోయే ఒకే ఒక్క నల్లకోటు కుట్టించాను. అంత చేసినా ఫొటో చేతిలో పెడితే మొహం మాడ్చుకునేవాళ్లు. ఇప్పుడో? బట్టతలలకు జుట్టు మొలుస్తోంది, పొట్టలు లోపలికి పోతున్నాయి, కోటు ఎవరి కొలత వాళ్లకు వస్తోంది. ఒక్కరూ మొహం మాడ్చుకోవడం లేదు.

మిల్లు కాలనీలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. ప్రహరీ గోడ దగ్గర తగాదా వచ్చి పదకొండేళ్లుగా మాటల్లేవు. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి ఇద్దరూ కలిసున్న ఫొటో కావాలంది. రెండు పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుని ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టాను. ఒకడి చెయ్యి ఇంకొకడి భుజం మీద వేయించాను. పెద్దమనుషులు పదకొండేళ్లలో చేయలేని పని పదకొండు సెకన్లలో అయిపోయింది! ఈ సంగతి ఆ అన్నదమ్ములకు ఇంతవరకు తెలియదు. తెలిస్తే ఇద్దరూ కలిసి వచ్చి నన్ను తంతారు. కనీసం అందుకైనా కలుస్తారు కదా?

మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని ఒక పెద్దామెకు భద్రాచలంలో గోదావరి స్నానం చేయించాను. ఆమెకు నీళ్లు చల్లగా కూడా తగల్లేదు. ఒక ఆఫీసువాళ్లు, పేరెందుకు లెండి, ఏటా వానాకాలం మొక్కలు నాటుతారు. ఏటా అదే గుంట, అదే సారు, అదే పార. ఈసారి ఆ గుంట కూడా తవ్వలేదు. ఇరవై మంది సార్లను, ఇరవై మొక్కలను నేనే చేసిచ్చాను. ఒక్క మొక్క చావలేదు! మే నెల ఎండలో కూడా పచ్చగా ఉంటాయి. మేకలు తినవు. ఇంతకంటే పర్యావరణ పరిరక్షణ ఎక్కడైనా ఉందా?

ఇక వంతెన సంగతి.

సారపాక నుంచి మణుగూరు రోడ్డు పట్టి కొంత దూరం పోతే, ఎడమ పక్కన అడవిలోకి ఒక మట్టిబాట ఉంటుంది. ఆ బాటకు అడ్డంగా పారేది ఈదులవాగు. అవతల రేగుల తండా, నలభై ఇళ్లు. ఎండాకాలం ఆ వాగులో పిల్లలు క్రికెట్ ఆడతారు. వానలు మొదలైతే ఆ నలభై ఇళ్లు వేరే దేశం. బియ్యం తెచ్చుకోవాలన్నా, బడికి పోవాలన్నా, దవాఖానాకు పోవాలన్నా ఆ వాగులో దిగాల్సిందే. తండావాళ్లు పన్నెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే మొన్న చలికాలంలో వంతెన మంజూరైంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కోటేష్ వచ్చాడు. ఆ వంతెన పని తీసుకున్న కాంట్రాక్టరు దగ్గర అతను సూపర్‌వైజర్.

"ఫజల్ భాయ్, ఈదులవాగు మీద వంతెన కావాలె. జర జల్దీ," అన్నాడు, పాన్ డబ్బా దగ్గర వక్కపొడి అడిగినట్టు.

మా వైపు ఏ పనికైనా మూడు ఫొటోలు ఎక్కించాలి. పని మొదలుకాక ముందు ఒకటి, సగంలో ఒకటి, పూర్తయ్యాక ఒకటి. వాటిని ఒక యాప్‌లోనే తీయాలి. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఫొటో మీదే అచ్చవుతాయి. దీన్ని జియోట్యాగ్ అంటారు. ఇది వచ్చాక సార్లు వాగుల దాకా, గుట్టల దాకా పోయే బాధ తప్పింది. ఫొటో వచ్చిందంటే సారు పోయి చూసొచ్చినట్టే లెక్క.

మొదటి ఫొటో కోటేష్ నిజంగానే తీశాడు. ఏమీ లేని ఉత్త వాగు. ఏమీ లేకపోవడం అనేది మా వైపు ఎప్పుడూ ఒరిజినలే దొరుకుతుంది, దానికి ఏఐ అక్కర్లేదు. మిగిలిన రెండింటికే నన్ను పట్టుకున్నాడు.

"ప్రారంభం ఫ్లెక్సీ కోసం భాయ్. పని రేపో మాపో షురూ అయితది. ఎట్లుంటదో పబ్లిక్‌కు ముందే చూపెట్టాలె కదా," అన్నాడు.

ఫ్లెక్సీ కోసమైతే పన్నెండు బై పద్దెనిమిది ప్రింటు ఎందుకు? అది కూడా మెరుపు లేని మ్యాట్ పేపరు మీదే ఎందుకు? నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. అడగలేదు. ఫొటో ఎందుకని కస్టమర్‌ను నిలదీసే స్టూడియోవాడు సాయంత్రం దాకా ఈగలు తోలుకోవాల్సిందే.

పనిలో కూర్చున్నాను. మొదటిసారి అడిగితే మంచుకొండల మధ్య రాతి వంతెన ఇచ్చింది. కింద పడవ, పడవలో టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన. తండావాళ్లు చూస్తే దారి తప్పిన మనిషని పిలిచి అన్నం పెట్టేవాళ్లు. రెండోసారి వంతెన మీద ఏనుగులొచ్చాయి. మూడోసారి వంతెన బాగానే కుదిరింది కానీ, దాని మీద నడిచే ఆడవాళ్లకు చేతికి ఆరేసి వేళ్లు! నేనేమైనా మామూలు మనిషినా, కళాకారుణ్ణి! ఊరుకుంటానా? ప్రతి ఆడమనిషి నెత్తిన ఒక మూట పెట్టించి, వేళ్లు మూట వెనక్కి తోయించాను. అద్దాల లంగాలు తొడిగించాను. కాళ్లకు బురద పూయించాను. వంతెన గోడ మీద ఇంకా తడి ఆరని మరకలు పెట్టించాను. చివర ఒక మేకను నిలబెట్టాను. మేక ఉన్న ఫొటోను ఎవరూ అనుమానించరు. అబద్ధమాడేవాడు మేక దాకా ఆలోచిస్తాడని జనం అనుకోరు.

కోటేష్ ఆ ప్రింట్లు తీసుకుపోయి ఏం చేశాడో తర్వాత తెలిసింది. వాగు ఒడ్డున ఒక చెట్టుకు ఆనించి, వాటినే యాప్‌లో ఫొటో తీశాడు. సగంలో ఉన్న వంతెనను ఏప్రిల్‌లో, పూర్తయిన వంతెనను మే చివరలో! అక్షాంశం కరెక్టు. రేఖాంశం కరెక్టు. తేదీ, టైము కరెక్టు. తప్పల్లా వంతెన ఒక్కటే. ప్రింటు మెరిస్తే దొరికిపోతాడు కాబట్టి మ్యాట్ అడిగాడు. తెలివంటే అదీ!

జూన్‌లో పేపరు జిల్లా పేజీలో ఫొటో పడింది. ఈదులవాగుపై వంతెన పూర్తి, తండావాసుల ఆనందం అని హెడ్డింగు. మేక బ్రహ్మాండంగా వచ్చింది. నేను ఆ పేపరు పట్టుకుని నా భార్య లతీఫాకు చూపించాను కూడా. చూడండి నా బరితెగింపు!

వంతెన నన్ను పట్టివ్వలేదు. మేకా పట్టివ్వలేదు. వంతెన మీద రెండో వరుసలో నడిచే ఆడమనిషి పట్టిచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ద్వాలి స్టూడియోకు వచ్చింది. రేగుల తండా మనిషి, అరవై దాటి ఉంటాయి. ఆమె కొడుకు భద్రు మిల్లులో జామాయిల్ కర్ర లోడ్లు దించుతాడు. ఆమె చేతిలో ఆ పేపరు ముక్క ఉంది. వంతెనేదని అడగడానికే వచ్చిందనుకున్నాను.

"గీ ఫొటో పెద్దగ చేసియ్యి సాయిబూ. తలుపంత చెయ్యి," అన్నది. ఆమె వేలు వంతెన మీద లేదు. ఆ రెండో వరుస ఆడమనిషి మీద ఉంది.

"ఎందుకమ్మా?"

"గిది మా సరళ. మా అక్క బిడ్డ. వేంసూరు కాడ తండాకిచ్చినం. మా వాగు దాక వచ్చింది, మా ఇంటికి రాలే. నా చేతి బువ్వ తినలే. గట్లనే మర్లిపోయింది. ఫోన్ చేసి అడిగితే నేను రానేలేదంటది! ఫొటో ఉన్నంక కూడ అబద్ధమాడుతది చూడు. తండా నాయక్ ముందల పంచాయితీ పెడ్త. గందుకే పెద్దగ చెయ్యమంటున్న."

తెలియనివాళ్లకు చెప్తున్నాను. తండాకు వచ్చిన చుట్టం ఇంట్లో అన్నం ముట్టకుండా పోవడమంటే చిన్న విషయం కాదు. చెంప మీద కొట్టి పోయినా ద్వాలి ఇంత బాధపడేది కాదు.

నేను నిజం చెప్పేశాను. "ద్వాలమ్మా, ఈమె సరళ కాదు. అసలు మనిషే కాదు. కంప్యూటర్ చేసిన బొమ్మ."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ముక్కు చూడు. గా నడక చూడు. మా అక్క గిట్లనే నడిచేది. కంప్యూటర్‌కు మా అక్క ఎరుకనా?"

"సరే, మరి వంతెన? అక్కడ వంతెన ఉందా?"

"ఏడున్నది? ఇప్పుడు వాగుల దిగే వచ్చిన, బట్టలు తడిసినయ్ చూడు. వంతెన అబద్ధమని నాకు తెల్వదా? పన్నెండేండ్ల సంది వింటున్న ఆ అబద్ధం. సరళ మీద అబద్ధమాడే పని ఎవనికున్నది?"

పాఠక మహాశయులారా, ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబుందా? ఫొటో పెద్దది చేసే మిషను పాడైందని చెప్పి పంపేశాను.

ఇంటికి పోయి నవ్వుకుంటూ లతీఫాకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ద్వాలి కోడలు సువర్ణకు అప్పటికే ఎనిమిదో నెల అని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ రెండు సంగతులు కలిపి ఆలోచించలేదు. సువర్ణకు తల్లి లేదు. తొలి కాన్పు. వాగు పొంగకముందే జూలైలో సరళ వచ్చి, సువర్ణను వాగు దాటించి, భద్రాచలం దవాఖానాలో తోడుండాలని ముందే అనుకున్నారు. ద్వాలి ముసలి మొగుడు దేవ్లా మంచం మీద ఉన్నాడు, ఆమె ఇల్లు వదిలి రోజుల తరబడి దవాఖానాలో ఉండలేదు. ఇప్పుడు ఆ సరళతోనే మాటల్లేవు.

"అన్నదమ్ములను కలిపినవు. బాగుంది. ఇప్పుడు చిన్నమ్మను బిడ్డను విడదీసినవు. ఆ పిల్లకు నొప్పులొస్తే నీ మేకను తోడు పంపు," అన్నది లతీఫా. ఉర్దూలో అన్నది. తెలుగులో అంత ఘాటు రాదు.

మర్నాడే భద్రును నంబరు అడిగి సరళకు ఫోన్ చేశాను. నన్ను నేను పరిచయం చేసుకోగానే విరుచుకుపడింది. "ఆ ఫొటో నీదేనా? చిన్నమ్మ నా ఫోనే ఎత్తట్లేదయ్యా! రాని మనిషిని వచ్చిందంటే ఎట్టా? నేనొస్తాను. నువ్వు నాతో వచ్చి ఆమె ముందు ఒట్టెయ్యాలి."

వేస్తానన్నాను. ఆడమనిషి బొమ్మ కంప్యూటర్‌దని చెప్పాను. వంతెన కూడా కంప్యూటర్‌దేనని చెప్పడానికి నోరు రాలేదు.

జూలైలో, మూడు రోజులు వాన కొట్టిన తర్వాత, సరళ సారపాకలో బస్సు దిగింది. ఆటో మాట్లాడుతుంటే నేను, వాగు దగ్గర కొంచెం కష్టమేమో అని గొణిగాను.

"కష్టమేముంది, వంతెన పడిందిగా! పేపర్లో చూశాను. ఆటో ఇంటి ముందుకే పోద్ది," అన్నది.

గమనించారా? ద్వాలి ఆ ఫొటోలో వంతెనను నమ్మలేదు, సరళను నమ్మింది. సరళ అందులో ఉన్నది తనని నమ్మలేదు, వంతెనను నమ్మింది. ఒకే ఫొటోతో ఇద్దరినీ సగం సగం మోసం చేశాను. నా కళకు ఇంతకంటే ఏం మెప్పు కావాలి?

మట్టిబాట చివర ఆటో ఆగింది. ముందు ఈదులవాగు, ఎర్రగా, ఒడ్డు తాకుతూ పారుతోంది. మధ్యలో మనిషి ఛాతీ లోతుంటుంది. సరళ దిగి అటు చూసింది, ఇటు చూసింది.

"వంతెనేది?"

నేను నేల చూశాను.

అవతలి ఒడ్డున ద్వాలి, భద్రు, ఇంకో ఇద్దరు మగవాళ్లు, మధ్యలో సువర్ణ. వాగు ఇంకా పెరుగుతుందని, తోడున్నా లేకున్నా ఆ రోజే దాటించాలని బయల్దేరారు. పక్కన గాలి కొట్టిన ట్రాక్టరు ట్యూబు ఉంది. సరళను చూడగానే ద్వాలి అక్కడినుంచే అందుకుంది.

"ఇప్పుడొచ్చినవా? మొన్న వచ్చినప్పుడు బువ్వ తినకుండ ఎట్ల పోయినవే?"

"నేనెప్పుడొచ్చాను చిన్నమ్మా?" సరళ వాగు చప్పుడును మించి అరిచింది. "వంతెన మీద నడిచానంటున్నావు. వంతెనేది? వంతెనే లేనిది దాని మీద నేనెట్టా నడిచాను?"

ద్వాలి వాగును చూసింది. సరళను చూసింది. మళ్లీ వాగును చూసింది.

"అవ్," అన్నది చివరికి. "నడవలే నువ్వు."

నేను ఒట్టు వేయాల్సిన పని లేకపోయింది. నా మొహం చూసే తీరిక కూడా ఎవరికీ లేదు.

ట్యూబు మీద వెదురు తడక పరిచి సువర్ణను కూర్చోబెట్టారు. భద్రు నెత్తిన ఒక మూట కట్టుకుని, ముందు తాడు పట్టి లాగాడు. చెరో పక్క ఒక్కొక్కరు పట్టుకున్నారు. వెనక ద్వాలి, మెడదాకా నీళ్లలో మునిగి, రెండు చేతులతో ట్యూబును నెట్టింది. సువర్ణ ఒక చేత్తో కడుపు పట్టుకుంది, ఇంకో చేత్తో తాడు పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. వాగు మధ్యలో ట్యూబు ఒకసారి పక్కకు ఒరిగినప్పుడు సరళ నా చెయ్యి పట్టుకుని గోళ్లు దింపింది. సంచిలోని కెమెరా అందుకుని ఫొటో తీశాను. ఎందుకు తీశానో తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. సరిగ్గా అప్పుడే మబ్బు విడిచి ఆ పిల్ల మొహం మీద ఎండ పడింది. అట్లాంటి ఫొటో నేను జన్మలో తీయలేదు, ఇక తీయబోను.

ఒడ్డెక్కగానే ద్వాలి, భద్రు నెత్తిన ఉన్న మూట దించి సరళ చేతిలో పెట్టింది. "జొన్నరొట్టెలు. ఈడనే తిను. నేను చూడాలె."

సరళ నిలబడే తిన్నది, ఏడుస్తూ తిన్నది. ద్వాలి అది చూసి, సువర్ణ తల నిమిరి, మంచం మీదున్న దేవ్లా కోసం మళ్లీ వాగులో దిగి వెళ్లిపోయింది.

మూడో రోజు భద్రాచలం దవాఖానాలో సువర్ణకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

నాకు సిగ్గేసింది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే సిగ్గేసింది. ఆ వంతెన మంజూరు నా బొమ్మతో ముగిసిపోయింది. పని అయిపోయినట్టు రికార్డు ఉన్నంతకాలం అక్కడ ఇంకో వంతెన రాదు. అందుకని నేను తీసిన ఫొటో జతచేసి, వంతెన లేదని ఫిర్యాదు రాసి ఆఫీసులో ఇచ్చాను. నలుగురికీ తెలియాలని ఫేస్‌బుక్‌లో కూడా పెట్టాను.

ఎంత స్పందన వచ్చిందనుకున్నారు! "ఏ యాప్ బ్రో?" అని ఒకరు. "ప్రాంప్ట్ షేర్ చెయ్యండి అన్నా ప్లీజ్" అని ఒకరు. "నీళ్లు రియల్‌గా వచ్చాయి, మొహం మీద ఎండ మాత్రం ఓవర్" అని ఒకరు. "ఫ్రీ వెర్షనా, పెయిడా?" అని ఒకరు. కామెంట్లు పెట్టిన రెండొందల మందిలో వాగు ఎక్కడని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సారు మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"ఫజల్ గారూ, మీ ఫొటోను మా సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూసినం. తొంభై నాలుగు శాతం ఏఐ అని వచ్చింది. లైటింగ్ చూడండి, సినిమాలాగా ఉంది. పైగా ఈ వెనకున్న ముసలామె ఎడమ చేతికి నాలుగే వేళ్లు. ఏఐకి వేళ్లు సరిగ్గా రావని మాకు ట్రైనింగ్‌లో చెప్పిండ్రు."

"సారూ, ద్వాలికి నాలుగే వేళ్లు! చిన్నప్పుడు వెదురు నరుకుతుంటే కత్తి పడి చిటికెన వేలు పోయింది!"

"వేలు పోయినట్టు సర్టిఫికెట్ ఉందా?"

"మరి ఆ వంతెన ఫొటో?" అన్నాను.

"అదీ చెక్ చేసినం. హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్. ఫోన్ కెమెరాతో వాగు దగ్గరే తీసింది. జియోట్యాగ్ ఉంది."

"అది నేనే చేశాను సారూ! ఆ వంతెన నాది! ఆ మేక నాది! ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉన్నాయి, చూపిస్తాను రండి!"

సారు జాలిగా నవ్వాడు. "వంతెన ఫొటో పేపర్లో చూసి మీరు తర్వాత చేసుకుని ఉంటారు. మీరు ఈ ఏఐలో ఎక్స్‌పర్ట్ అని కోటేష్ ముందే చెప్పిండు."

"ఒక్కసారి వచ్చి కళ్లతో చూడండి సారూ. ఎంతో దూరం కాదు."

"పూర్తయిన పనికి ఇన్‌స్పెక్షన్ ఎందుకండీ?" అన్నాడు. నేను లేచి వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చాడు. కృత్రిమ చిత్రాలతో అభివృద్ధి పనుల మీద దుష్ప్రచారం చేస్తే చర్యలు తప్పవని అందులో ఉంది.

చూశారా ఏఐ గొప్పతనం! ఇదివరకు అబద్ధం చెప్తే దొరికిపోతామని భయముండేది. ఇప్పుడు తప్పు ఒప్పుకున్నా ఎవరూ నమ్మరు. మనశ్శాంతికి మనశ్శాంతి! ఏ మతం ఇచ్చింది ఇంత తేలికైన పాపవిముక్తి?

దవాఖానా నుంచి సువర్ణను, పిల్లను లతీఫా మా ఇంటికే తీసుకొచ్చింది. పసిగుడ్డును ట్యూబు మీద పంపితే తాను ఊరుకోనన్నది. స్టూడియో వెనక గదిలో ఉంటున్నారు. సరళ రెండు వారాలు తోడుండి వేంసూరు వెళ్లింది. భద్రు డ్యూటీ దిగి వచ్చి పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వాగు తగ్గలేదు. దేవ్లాను వదిలి ద్వాలి రాలేదు. మనవరాలికి ఇరవై రోజులొచ్చినా నానమ్మ ఇంకా చూడలేదు.

భద్రు అడిగితే మొన్న పిల్లకు ఫొటో తీశాను. లైట్లు పెట్టలేదు, పౌడరు వేయలేదు. తండాలో ఒకరి ఫోనుకు పంపించాను. గంటకు ద్వాలి ఫోన్ చేసింది.

"సాయిబూ, పిల్ల మంచిగున్నది. బుగ్గలు మంచిగున్నయ్. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. గీ పిల్ల మా సువర్ణ కన్నదేనా? నువ్వు చేసినవా?"

"ఒట్టు ద్వాలమ్మా! అల్లా మీద ఒట్టు! నిజం పిల్లే!"

"ఏమో మరి. మా సరళ కూడ గట్లనే నిజమున్నట్టుండె. నాకు ఫొటోలు పంపకు సాయిబూ. నేను ఎత్తుకున్నంకనే నమ్ముత," అని ఫోన్ పెట్టేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఫొటోలు తీసినవాణ్ణి. ఆ మాట విన్నాక స్టూడియో షట్టరు దించి ఇంట్లోకి పోయాను. పిల్ల లతీఫా ఒళ్లో నిద్రపోతోంది. వేళ్లు లెక్కపెట్టాను. చేతికి ఐదు చొప్పున సరిగ్గానే ఉన్నాయి.

అందుకని, సారు గారూ, ఈ వ్యాసం ద్వారా బహిరంగంగా చెప్తున్నాను. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. నేనే పొరబడ్డాను. ఈదులవాగు మీద వంతెన ఉంది, బ్రహ్మాండంగా ఉంది, తమరు చెప్పిందే నిజం. ప్రతిఫలంగా నాకు ఒకే ఒక్క సాయం చేయండి. రేపు వాన జోరుగా పడుతున్నప్పుడు తమరొక్కరే కారు వేసుకుని రేగుల తండాకు పోయి, ద్వాలిని ఎక్కించుకుని మా ఇంటికి తీసుకురండి. ఆమె మనవరాలిని ఎత్తుకోవాలి. దేవ్లా దగ్గర ఆ పూటకు భద్రు కూర్చుంటాడు, అతను ఈదుకుంటూ పోతాడు లెండి, వంతెనలు అలవాటు లేని మనిషి. దారి కూడా కష్టమేం కాదు. మణుగూరు రోడ్డు మీద ఎడమకు తిరిగి మట్టిబాట పట్టుకోండి. బాట చివర వాగు కనపడుతుంది. అక్కడ మాత్రం బ్రేకు వేయకండి సారూ.